అంకె కుదుటపడితే రోగి కుదుటపడినట్టేనా?

ఐసీయూలో రోగి మంచం పక్కన ఉన్న మానిటర్ తెర మీద గుండె వేగం, రక్తపోటు, రక్తంలో ఆక్సిజన్ శాతం, శ్వాసల సంఖ్య క్షణక్షణం అంకెలుగా మారుతుంటాయి. వాటిలో ఏదైనా హద్దు దాటితే తిరిగి హద్దులోకి తేవడమే చికిత్స అన్న భావన వైద్యులలోనూ, బయట వరండాలో కాచుకుని ఉన్న బంధువులలోనూ సహజంగానే ఏర్పడుతుంది. గత పాతికేళ్లలో ఇంటెన్సివ్ కేర్ రంగంలో జరిగిన పెద్ద క్లినికల్ ట్రయల్స్ ఈ భావనను పదేపదే ప్రశ్నించాయి. అంకెను సరిదిద్దిన చికిత్స కొన్నిసార్లు ప్రాణం నిలపలేకపోయిందనీ, మరికొన్నిసార్లు ప్రాణానికే ముప్పు తెచ్చిందనీ అవి తేల్చాయి. విషమ స్థితిలోని రోగికి ఏ చికిత్స మేలు చేస్తుందో మానిటర్ చెప్పలేదు, ఒక్క వైద్యుడి అనుభవమూ చెప్పలేదు. బతికినవారెందరో, చనిపోయినవారెందరో పద్ధతి ప్రకారం లెక్కించిన పరిశోధన మాత్రమే చెప్పగలదు. ప్రజాధనంతో ఐసీయూ పడకలను పెంచుతున్న ప్రభుత్వాలు పడకలతోపాటు ఈ లెక్కకూ ఏర్పాటు చేయవలసిన అవసరం ఇక్కడి నుంచే పుడుతుంది.

అనుభవానికి కనిపించని తేడా

ఇంటెన్సివ్ కేర్ ఆవిర్భావానికి కారణమైన సంఘటనలోనే అంకెను చదవడంలో పొరపాటు ఉంది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో ప్రబలి, శ్వాస కండరాలు చచ్చుబడిన రోగులు బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి వరుసగా చేరినప్పుడు, వారి రక్తంలో బైకార్బనేట్‌తో సహా కార్బన్ డయాక్సైడ్ మొత్తం పరిమాణం బాగా పెరిగి ఉండటాన్ని వైద్యులు గమనించారు గానీ, దానిని రక్తంలో క్షారగుణం పెరిగిన సూచనగా భావించారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తుమందు వైద్యుడు అదే అంకెను చూసి, ఊపిరి చాలక కార్బన్ డయాక్సైడ్ బయటికి పోలేక లోపలే పేరుకుంటోందని గ్రహించాడు. మెడ దగ్గర శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించే పద్ధతిని ఆయన సూచించగా, వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు ఆ పని చేశారు. అంతకుముందు ఇలాంటి రోగులు పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మంది చనిపోతుండగా, ఆ తర్వాత మరణాలు సగానికన్నా తక్కువకు పడిపోయాయి.

అంత పెద్ద తేడాను గుర్తించడానికి గణాంకశాస్త్రం అక్కరలేదు. ఐసీయూలో ఊపిరి, రక్తపోటు, మూత్రపిండాల పని వంటి ప్రాథమిక ఆసరాలు స్థిరపడిన తర్వాత మిగిలిన ప్రశ్నలు మాత్రం వేరు: వెంటిలేటర్ ఎంత గాలి పంపాలి, సెలైన్ ఎంత ఎక్కించాలి, రక్తంలో చక్కెర ఎంత ఉంచాలి. వీటిలో సరైన నిర్ణయానికీ తప్పు నిర్ణయానికీ ఉన్న తేడా తరచుగా వందమందిలో రెండు నుంచి పది ప్రాణాలు. నూటికి నలభైమంది ఎలాగూ మరణించే వ్యాధిలో ముప్పై ఒక్కరు మరణించారా, నలభైమంది మరణించారా అన్నది వార్డులో తిరిగే వైద్యుడి కంటికి ఆనదు. బతికిన రోగి తన చికిత్స వల్లే బతికాడనీ, పోయిన రోగి జబ్బు ముదిరి పోయాడనీ అనిపించడం మానవ సహజం. అందుకే ర్యాండమైజ్డ్ ట్రయల్ అవసరమవుతుంది. రోగికి రెండు చికిత్సలలో ఏది అందాలన్నది వైద్యుడి ఇష్టానికి వదలకుండా చీటీ తీసినట్టు నిర్ణయించి, రెండు వర్గాల ఫలితాలను పోల్చే పద్ధతి ఇది. వయసు, జబ్బు తీవ్రత వంటి అంశాలు రెండు వైపులా దాదాపు సమానంగా పంపిణీ కావడంతో, చివరికి కనిపించే తేడాను చికిత్సకే ఆపాదించడం సాధ్యమవుతుంది.

మెరుగైన ఆక్సిజన్, ఎక్కువ మరణాలు

ఈ పద్ధతి బలాన్ని 2000లో అమెరికాలోని ఆర్డ్స్ నెట్‌వర్క్ ప్రచురించిన పరీక్ష స్పష్టంగా చూపింది. ఆర్డ్స్ అంటే న్యుమోనియా, సెప్సిస్ వంటి కారణాలతో ఊపిరితిత్తుల గాలి గదులలోకి ద్రవం ఊరి, రక్తానికి ఆక్సిజన్ చాలకపోయే తీవ్ర స్థితి. అప్పటి ఆనవాయితీ ప్రకారం వెంటిలేటర్ ఒక్కో శ్వాసకు కిలో బరువుకు 12 మిల్లీలీటర్ల గాలి పంపితే రక్తంలో అంకెలు బాగుండేవి. 861 మంది రోగులతో జరిగిన ఈ పరీక్షలో ఒక వర్గానికి 12, మరొక వర్గానికి 6 మిల్లీలీటర్ల లెక్కన గాలి అందించారు. మొదటి రోజులలో ఆక్సిజన్ అంకె ఎక్కువ గాలి అందుకున్నవారిలోనే మెరుగ్గా ఉంది. మరణాలు మాత్రం వారిలో 39.8 శాతం, తక్కువ గాలి అందుకున్నవారిలో 31 శాతం. పాడైన ఊపిరితిత్తిలో గాలి ఆడే భాగం కొద్దిగానే మిగులుతుంది కనుక, పంపిన గాలంతా ఆ కొద్ది భాగాన్నే సాగదీసి గాయపరుస్తుంది. ఆ గాయం నుంచి వెలువడే వాపు రసాయనాలు రక్తంలో కలిసి ఇతర అవయవాలనూ దెబ్బతీస్తాయి.

ఇక్కడ బరువు అంటే త్రాసు చూపే బరువు కాదు. రోగి ఎత్తునూ, స్త్రీ పురుష భేదాన్నీ బట్టి సూత్రం ప్రకారం కట్టే అంచనా బరువు, ఎందుకంటే మనిషి లావెక్కినా ఊపిరితిత్తులు పెద్దవి కావు. కాబట్టి ఈ చికిత్సకు కావలసిన అదనపు పరికరం రోగి పొడవును తల నుంచి మడమ దాకా కొలిచే టేపు మాత్రమే. ఇంత చౌకైన చికిత్స కూడా ఆచరణలోకి రావడం తేలిక కాలేదు. 50 దేశాలలోని 459 ఐసీయూలను పరిశీలించి 2016లో ప్రచురించిన లంగ్ సేఫ్ అధ్యయనంలో, ఆర్డ్స్ ఉన్నవారిలో సుమారు 60 శాతం మందికే వైద్యులు ఆ జబ్బును గుర్తించారనీ, కిలోకు 8 మిల్లీలీటర్లు లేదా అంతకన్నా తక్కువ గాలి అందుకున్నవారు మూడింట రెండు వంతులకన్నా తక్కువేననీ తేలింది. పరిశోధన పత్రికలో అచ్చయిన సత్యం మంచం దాకా చేరడానికి ప్రత్యేకంగా కృషి అవసరమని దీనివల్ల తెలుస్తోంది.

రక్తంలో చక్కెర విషయంలో జరిగినది మరొక రకమైన హెచ్చరిక. బెల్జియంలోని లూవెన్‌లో ఒకే ఆసుపత్రిలో, ఎక్కువగా శస్త్రచికిత్స జరిగిన 1,548 మందితో నిర్వహించిన పరీక్షలో ఇన్సులిన్‌తో చక్కెరను డెసిలీటరుకు 80 నుంచి 110 మిల్లీగ్రాముల మధ్య కట్టడి చేస్తే ఐసీయూ మరణాలు 8 నుంచి 4.6 శాతానికి తగ్గాయని 2001లో ప్రకటించగానే, ప్రపంచమంతటా ఐసీయూలు ఆ లక్ష్యాన్ని అనుసరించాయి. ఎనిమిదేళ్ల తర్వాత పలు దేశాలలోని ఆసుపత్రులు కలిసి ఆరువేలకు పైగా రోగులతో నిర్వహించిన నైస్ షుగర్ పరీక్షలో ఫలితం తిరగబడింది. కఠినంగా కట్టడి చేసిన వర్గంలో తొంభై రోజులలో 27.5 శాతం మంది, 180 వరకు అనుమతించిన వర్గంలో 24.9 శాతం మంది మరణించారు. చక్కెర ప్రమాదకరంగా పడిపోయిన సందర్భాలు మొదటి వర్గంలో 6.8 శాతం కాగా రెండో వర్గంలో 0.5 శాతమే. ఆరోగ్యవంతుడికి మంచిదైన అంకె, ప్రాణాపాయంలో ఉన్న శరీరానికి కూడా మంచిదే అయి ఉండాలన్న నియమం లేదని ఈ ఫలితం స్పష్టం చేసింది.

కొలిచే సాధనానికీ పరీక్ష ఉండాలి

మందులను పరీక్షించాలని అందరూ ఒప్పుకుంటారు; రోగిని కనిపెట్టుకుని ఉండే పరికరాలను కూడా అదే గీటురాయిపై చూడాలన్న స్పృహ ఆలస్యంగా వచ్చింది. చివర చిన్న బుడగ ఉన్న గొట్టాన్ని పెద్ద సిర ద్వారా గుండె కుడి గదులను దాటించి ఊపిరితిత్తుల ధమనిలోకి పంపి, అక్కడి పీడనాలనూ గుండె పంపే రక్త పరిమాణాన్నీ కొలిచే పల్మనరీ ఆర్టరీ క్యాథటర్‌ను స్వాన్, గాంజ్ అనే వైద్యులు 1970లో పరిచయం చేశారు. ఎక్కువ సమాచారం ఉంటే చికిత్స మెరుగవుతుందన్న నమ్మకంతో అది పాతికేళ్లపాటు ఐసీయూలలో విరివిగా వాడుకలో ఉంది. ఈ గొట్టం వేసిన రోగులలోనే మరణాలు ఎక్కువని 1996లో ఒక అమెరికా పరిశీలన చెప్పగా పెద్ద దుమారం రేగింది. 2005లో బ్రిటన్‌లో వెయ్యికి పైగా రోగులతో ముగిసిన ర్యాండమైజ్డ్ ట్రయల్‌లో గొట్టం వేసినా వేయకున్నా మరణాలలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేలింది. కొలత తనంతట తానుగా ఎవరినీ బతికించదు. ఆ కొలతను చూసి మొదలుపెట్టే చికిత్స మేలు చేసేదైతేనే కొలతకు సార్థకత ఉంటుంది.

వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ గురించి 2020లో వెలువడిన అమెరికా అధ్యయనం ఇంకో కోణాన్ని బయటపెట్టింది. ఈ పరికరం చర్మం గుండా కాంతిని పంపి, రక్తం ఎంత కాంతిని పీల్చుకున్నదన్న దానిని బట్టి ఆక్సిజన్ శాతాన్ని అంచనా కడుతుంది. తెర మీద 92 నుంచి 96 శాతం కనిపిస్తున్నా ధమని రక్తంలో వాస్తవంగా 88 శాతం కన్నా తక్కువ ఉన్న సందర్భాలు తెల్లజాతి రోగులలో 3.6 శాతం కాగా నల్లజాతి రోగులలో 11.7 శాతం ఉన్నాయి. చర్మఛాయలో ఎంతో వైవిధ్యమున్న భారతదేశంలో ఈ ప్రశ్నను ఇక్కడి రోగులపైనే పరిశీలించి సమాధానం వెతకడం అవసరం.

ఖరీదైన కొలత కన్నా చౌకైన కొలత తీసిపోదని చూపిన పరిశోధన కూడా ఉంది. సెప్సిస్ అంటే ఇన్‌ఫెక్షన్‌కు శరీరం అదుపు తప్పి స్పందించడం వల్ల సొంత అవయవాలే దెబ్బతినే స్థితి. దానివల్ల రక్తపోటు పడిపోతే సెప్టిక్ షాక్ అంటారు. ఈ స్థితిలో కణజాలానికి రక్తం చాలుతోందా లేదా తెలుసుకోవడానికి రక్తంలోని ల్యాక్టేట్‌ను గంటల తేడాతో కొలవడం ఆనవాయితీ. దక్షిణ అమెరికాలోని అయిదు దేశాలలో జరిగి 2019లో వెలువడిన ఆండ్రోమెడా షాక్ పరీక్షలో, దానికి బదులు వేలి కొసను గాజు పలకతో చర్మం తెల్లబడేదాకా నొక్కి, పది సెకండ్లు అలాగే ఉంచి వదిలి, రంగు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో అరగంటకొకసారి చూశారు. మూడు సెకండ్లు మించితే రక్తప్రసరణ చాలడం లేదని అర్థం. ఇలా నడిపిన చికిత్సలో 34.9 శాతం, ల్యాక్టేట్‌ను బట్టి నడిపిన చికిత్సలో 43.4 శాతం మరణించారు. 424 మంది రోగుల సంఖ్య చిన్నది కనుక ఈ తేడా యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పడానికి వీలు పడలేదు. 2025లో ప్రచురితమైన మరింత పెద్ద పరీక్షలో మరణాలలో తేడా కనిపించకపోయినా, అవయవాలకు యంత్రాల, మందుల ఆసరా అవసరమైన కాలం తగ్గింది. ప్రయోగశాల సౌకర్యం అంతంత మాత్రంగా ఉన్న జిల్లా ఆసుపత్రికి ఇది నేరుగా పనికొచ్చే జ్ఞానం.

ఒకచోట పుట్టిన సూత్రం అన్నిచోట్లా చెల్లదు

సెప్సిస్ చికిత్స చరిత్రలో అన్నిటికన్నా గంభీరమైన పాఠం ఆఫ్రికా నుంచి వచ్చింది. 2001లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒకే ఆసుపత్రిలో 263 మందితో జరిగిన పరీక్ష, మొదటి ఆరు గంటలలో నిర్ణీత లక్ష్యాల ప్రకారం సెలైన్, రక్తం, మందులు ఇస్తే మరణాలు 46.5 నుంచి 30.5 శాతానికి తగ్గాయని చెప్పడంతో, షాక్‌లో ఉన్న రోగికి వెంటనే ఎక్కువ సెలైన్ ఎక్కించడం మార్గదర్శక సూత్రంగా మారింది. 2014, 2015 సంవత్సరాలలో అమెరికాలోనూ, ఆస్ట్రేలియా నాయకత్వంలోనూ, బ్రిటన్‌లోనూ జరిగిన మూడు పెద్ద పరీక్షలు ఆ కఠిన పద్ధతికీ సాధారణ చికిత్సకూ తేడా లేదని తేల్చాయి. ఈ నడిమి కాలంలో జబ్బును త్వరగా గుర్తించి యాంటీబయోటిక్ త్వరగా ఇవ్వడం సాధారణ చికిత్సలోనే భాగమైపోవడం అందుకు ఒక కారణం కావచ్చు. ఆ మేరకు డెట్రాయిట్ పరీక్ష ప్రభావాన్ని తోసిపుచ్చలేం.

ఉగాండా, కెన్యా, టాంజానియాలలో తీవ్రజ్వరంతో రక్తప్రసరణ మందగించిన 3,141 మంది పిల్లలతో జరిగి 2011లో వెలువడిన ఫీస్ట్ పరీక్ష ఆ సూత్రాన్ని మూలం నుంచి కదిలించింది. కిలోకు 20 నుంచి 40 మిల్లీలీటర్ల ద్రవం వేగంగా ఎక్కించిన వర్గాలలో షాక్ లక్షణాలు మొదటి గంటలో తొందరగా తగ్గాయి. అయినా 48 గంటలలో ఆ పిల్లలలో సుమారు 10.5 శాతం, వేగంగా ద్రవం ఎక్కించని వర్గంలో 7.3 శాతం మరణించారు. జాంబియాలో పెద్దలపై జరిగి 2017లో వెలువడిన పరీక్షలోనూ ఇదే ధోరణి కనిపించింది. అధిక ద్రవం ఇచ్చే పద్ధతిలో 48.1 శాతం, సాధారణ చికిత్సలో 33 శాతం చనిపోయారు. మలేరియా, రక్తహీనత, పోషకాహార లోపం ఎక్కువగా ఉండి, వెంటిలేటర్ అందుబాటు తక్కువగా ఉన్న చోట, అన్ని సౌకర్యాలూ ఉన్న ఆసుపత్రిలో తయారైన నియమాన్ని యథాతథంగా అమలు చేయడం ఎంత ప్రమాదకరమో ఈ రెండు పరీక్షలు నిరూపించాయి. ఏటా వానాకాలంలో డెంగీతో వార్డులు నిండే తెలుగు జిల్లాలకు ఇది దూరపు సంగతి కాదు. రక్తనాళాల నుంచి ద్రవం బయటికి ఊరే ఆ జ్వరంలో సెలైన్ తక్కువైతే షాక్, ఎక్కువైతే ఊపిరితిత్తులలో నీరు.

ఇక్కడి ప్రశ్నలు, ఇక్కడి జవాబులు

పురుగుమందు విషప్రభావం దక్షిణాసియా ఐసీయూలకు సొంతమైన సమస్య. ఆర్గనోఫాస్ఫేట్ మందులు నాడీ సంకేతాలను అదుపులో ఉంచే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను స్తంభింపజేస్తాయి. దానిని తిరిగి చేతనం చేయడానికి ప్రాలిడాక్సిమ్ అనే విరుగుడు ఇస్తారు. మహారాష్ట్రలోని బారామతిలో 200 మందితో జరిగి 2006లో వెలువడిన పరీక్ష, దానిని అధిక మోతాదులో నిరంతరంగా ఎక్కిస్తే మేలని చెప్పింది. శ్రీలంకలో జరిగి 2009లో వెలువడిన పరీక్షలో మాత్రం చాలామంది రోగులలో ఎంజైమ్ అంకె చక్కగా కోలుకున్నా, మందు ఇచ్చినవారిలో 24.8 శాతం, ఉత్తుత్తి మందు ఇచ్చినవారిలో 15.8 శాతం మరణించారు. ఆ తేడా గణాంకపరంగా నిర్ధారణ కానప్పటికీ, ప్రయోజనం ఉందన్న ఆధారమైతే దొరకలేదు. ఐరోపాలోనో అమెరికాలోనో ఈ చిక్కుముడిని విప్పే తొందర ఎవరికీ ఉండదు. పత్తి, మిరప చేలలో ఈ మందులు చేతికందే దూరంలో ఉండే ప్రాంతాల వైద్య కళాశాలలే పూనుకోవాలి.

ఆ సామర్థ్యం దేశంలో లేకపోలేదు. కోవిడ్ తొలి నెలలలోనే ఐసీఎంఆర్ 39 ఆసుపత్రులలో 464 మందితో, కోలుకున్నవారి ప్లాస్మాను ఎక్కించే చికిత్సను పరీక్షించి, దానివల్ల జబ్బు ముదరడం గానీ మరణాలు గానీ తగ్గలేదని 2020 అక్టోబరులో ప్రకటించింది. అయినా 2021 మే దాకా అది జాతీయ మార్గదర్శకాలలో కొనసాగింది, రెండో వేవ్‌లో కుటుంబాలు దాతల కోసం పరుగులు తీశాయి. బ్రిటన్‌లో రికవరీ పరీక్ష డెక్సామెథాసోన్ అనే చౌకైన స్టెరాయిడ్ వల్ల వెంటిలేటర్ మీది రోగులలో మరణాలు 41.4 నుంచి 29.3 శాతానికి తగ్గాయని చూపింది. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల ప్రయోజనం లేదనీ, కీడు జరిగే అవకాశం ఉందనీ కూడా చెప్పింది. మొదటి సగాన్ని విని రెండో సగాన్ని విననందున స్వల్ప లక్షణాలున్నవారూ ఇళ్లలో స్టెరాయిడ్లు మింగారు. అదుపులో లేని మధుమేహంతో కలిసి అది బ్లాక్ ఫంగస్ విజృంభణకు దోహదం చేసింది. తేలిన ఫలితాన్ని పాటించకపోతే పరిశోధన ఉన్నా లేనట్టే.

ఐసీయూ పరిశోధనకు నైతికమైన ఇబ్బంది కూడా ఉంది. స్పృహలో లేని రోగి సమ్మతి తెలపలేడు. అతని తరఫున నిర్ణయించవలసిన కుటుంబం భయంలో, అప్పుల ఆందోళనలో ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 2009లో బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనంలో, తల్లిదండ్రులకు బదులు వసతి గృహాల వార్డెన్ల సంతకాలతో సమ్మతి తీసుకున్న తీరును పార్లమెంటరీ స్థాయీసంఘం 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. అలాంటి చరిత్ర ఉన్న చోట పరిశోధన అన్న మాటకు ప్రయోగం అన్న అర్థం వినిపించడంలో ఆశ్చర్యం లేదు. పరీక్షలో చేరకపోయినా అదే చికిత్స, అదే శ్రద్ధ అందుతాయన్న హామీ, తెలుగులో విడమరిచి చెప్పే సమ్మతి పత్రం, స్వతంత్ర నైతిక సంఘం పర్యవేక్షణ, హాని జరిగితే పరిహారం ఉంటేనే ఆ అనుమానం తొలగుతుంది. ఏది మేలో తెలియని రెండు చికిత్సలలో ఒకదానిని ఏ లెక్కా లేకుండా రోజూ ఇస్తూ పోవడం కూడా ప్రయోగమేననీ, అది ఎవరికీ ఏమీ నేర్పని ప్రయోగమనీ సమాజానికి చెప్పవలసిన బాధ్యత వైద్యులదే.

చేయవలసిన పనులు అసాధ్యమైనవి కావు. మొదటిది, ప్రభుత్వ వైద్య కళాశాలల ఐసీయూలన్నీ ఒకే నమూనాలో రోగుల వివరాలనూ, తీవ్రతనూ, డిశ్చార్జి తర్వాతి స్థితినీ నమోదు చేయడం; 2007 నుంచి ఖర్చు లెక్కలు కట్టిన అనుభవం ఉన్న ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆ ఖర్చుకు దక్కిన ఫలితాన్నీ లెక్కించాలి. రెండోది, పీజీ విద్యార్థులు తప్పనిసరిగా రాయవలసిన థీసిస్‌లు. ఒక్కొక్కరు కొద్దిమంది రోగులతో ఒంటరిగా చేసే అధ్యయనం చాలా సందర్భాలలో ఏ ప్రశ్ననూ తేల్చలేక బీరువాలో చేరుతుంది; విశ్వవిద్యాలయాలు ఒకే ప్రోటోకాల్ కింద పది కళాశాలల విద్యార్థులను కలిపితే, డెంగీలో సెలైన్ మోతాదు, పురుగుమందు విరుగుడు వంటి ప్రశ్నలకు సరిపడా సంఖ్య సమకూరుతుంది. మూడోది, సమాచారం సేకరించే నర్సుకూ, గణాంక నిపుణుడికీ శాశ్వత ఉద్యోగం.

ఆర్డ్స్ రోగులలో మరణాలను తగ్గించిన పద్ధతికి కొత్త మందు గానీ కొత్త యంత్రం గానీ అక్కరలేకపోయింది. ఉన్న వెంటిలేటర్‌ను ఎలా వాడాలో 861 మందిపై లెక్క కట్టి తెలుసుకోవడం సరిపోయింది. కొనుగోళ్ల మీద ఉన్న శ్రద్ధలో కొంత ఈ లెక్క మీదికి మళ్లితే, ఇప్పటికే ఉన్న పడకల మీదే మరికొందరు బతుకుతారు.